బెలూం గుహల్లో నిజంగా ఊపిరాడదా? పెద్దవాళ్లు, పిల్లలతో వెళ్లేవారికి వివరంగా

మీ ప్రశ్నలో నాలుగు విషయాలున్నాయి. నాన్నగారికి 66 ఏళ్లు, బీపీ ఉంది. అమ్మగారికి మోకాళ్ల నొప్పి. ఏడేళ్ల పాప ఉంది. ఈ ముగ్గురితో బెలూం గుహల్లోకి దిగొచ్చా, లోపల ఆక్సిజన్ అందదంటున్నారు నిజమేనా, ఎంతసేపు పడుతుంది, బొర్రా చూసేసిన వాళ్లకు ఇక్కడ కొత్తగా ఏముంటుంది అని అడిగారు.

దిగొచ్చు. బీపీ మందులతో అదుపులో ఉండి, రోజూ అరగంట నడిచే అలవాటున్న 66 ఏళ్ల మనిషికి ఇది అందని చోటు కాదు. అయితే గుహ మొత్తం అందరూ కలిసి చూసి రావాలని పట్టుబట్టకండి. ఎవరు ఎంతవరకు వెళ్లాలో బయటే అనుకుని దిగాలి. ఎందుకంటే లోపల మనిషిని అలసట పెట్టేది నడక కాదు, గాలి. ముందు దాని సంగతి చెబుతాను, మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

"లోపల ఆక్సిజన్ అయిపోతుంది" అన్న మాట సరైంది కాదు. గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం ఉంటుంది. అది 19 శాతానికి తగ్గిందనుకున్నా, బెంగళూరు ఎత్తులో మనం పీల్చే గాలితో సమానం. బెంగళూరులో దిగగానే ఎవరికీ ఆయాసం రాదు కదా. గుహలో ఆయాసం తెప్పించేవి వేరే రెండున్నాయి.

మొదటిది తేమ. నేల లోపలి గుహలో ఉష్ణోగ్రత ఏడాది పొడుగునా పెద్దగా మారదు, ఆ ప్రాంతపు ఏడాది సగటుకు దగ్గరగా ఉంటుంది. బెలూం చుట్టుపక్కల అది 28 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ. దీపాల వేడి, జనం ఒంటి వేడి దానికి తోడవుతాయి. 28 డిగ్రీలంటే బయట హాయిగానే ఉంటుంది. కానీ లోపల గాలి తేమతో నిండిపోయి ఉంటుంది కాబట్టి పట్టిన చెమట ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. ఆరకపోతే గుండె చర్మానికి ఇంకా ఎక్కువ రక్తం పంపాలని వేగంగా కొట్టుకుంటుంది. ఆ దడనే చాలామంది "ఊపిరాడటం లేదు" అనుకుంటారు. నిజానికది ఉక్కపోత. వాన పడబోయే ముందు, కరెంటు పోయిన చిన్న గదిలో పదిమంది కూర్చుంటే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది.

రెండోది కార్బన్ డయాక్సైడ్. బయటి గాలిలో ఇది 0.04 శాతం. మనం వదిలే ఊపిరిలో దాదాపు 4 శాతం. పైనుంచి సున్నపురాతి గుండా ఊరే నీరు కూడా గుహలోకి వచ్చాక తనలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. గాలి కదలని మూలల్లో, పండగ సెలవుల్లో వందల మంది ఒకేసారి దిగినప్పుడు ఇది పేరుకుంటుంది. ఒకటి రెండు శాతానికి చేరిందంటే, మనం పని చేయకపోయినా శ్వాస లోతుగా, వేగంగా సాగుతుంది. మెదడు శ్వాసను నడిపించేది ముఖ్యంగా దీని మోతాదును బట్టే. అందుకే అక్కడ పర్యాటక శాఖ వాళ్లు దారి పొడుగునా కొన్నిచోట్ల పైనుంచి గొట్టాలు దించి బ్లోయర్లతో బయటి గాలి పంపే ఏర్పాటు చేశారు. నడుస్తున్నప్పుడు ఎక్కడ చల్లగాలి ముఖానికి తగులుతుందో గమనించుకోండి. పెద్దవాళ్లు కూర్చుని సేదతీరాల్సింది అక్కడే. ఫొటో బాగా వస్తుందని మూల గదిలో కాదు.

ఇక్కడే ఏ కాలంలో వెళ్లాలన్నదీ తేలుతుంది. బెలూం గుహ కొండ పక్కన సొరంగంలా తెరుచుకోలేదు. చదునైన పొలాల మధ్య బావుల్లాంటి మూడు గుంతలున్నాయి. మధ్య గుంతలోంచి మెట్లు దిగి లోపలికి వెళ్లాలి. కడవకు ఎలా మూతి పైకి ఉంటుందో ఈ గుహకూ అలాగే. చలికాలం ఉదయం బయటి గాలి లోపలి గాలికంటే చల్లగా, బరువుగా ఉంటుంది. అది గుంతలోకి దిగుతుంది, లోపలి వెచ్చటి గాలి పైకి లేచి బయటికి పోతుంది. గుహ దానంతటదే ఊపిరి తీసుకుంటుందన్నమాట. ఏప్రిల్, మేలలో మధ్యాహ్నం బయట 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిగాలి తేలిక కాబట్టి కిందికి దిగదు. లోపలి గాలి కడవలో నీళ్లలా కదలకుండా నిలిచిపోతుంది, అప్పుడు బ్లోయర్లే దిక్కు. అందుకే నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు, అదీ ఉదయం 10 గంటలకు తలుపు తీయగానే దిగడం మంచిది. సాయంత్రం 5కి మూసేస్తారు, టికెట్లు అంతకుముందే ఆపేస్తారు కాబట్టి ఆలస్యంగా చేరితే హడావిడి పడాల్సి వస్తుంది. ఆదివారం, సంక్రాంతి సెలవులు వద్దు. పెద్దవాళ్లను తీసుకెళ్లేటప్పుడు ఈ ఒక్కటీ పాటిస్తే సగం ఇబ్బంది తగ్గుతుంది.

వానాకాలంలో వెళ్తే ఇంకో సంగతి. నేల మట్టానికి ఉన్న గుంతలు కాబట్టి చుట్టూ పడిన నీరు సహజంగా అటే వస్తుంది. పెద్ద వాన పడుతున్నా, ముందు రాత్రి పడినా, దిగే ముందు కౌంటర్లో అడగండి. కొంత భాగం మూసి ఉంచితే వాదించకండి.

ఇప్పుడు దూరం, లోతు. గుహల మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో జనం నడవడానికి దారి, దీపాలు వేసింది దాదాపు ఒకటిన్నర కిలోమీటరు. ప్రవేశ ద్వారం నుంచి అన్నిటికంటే లోతైన చోటు పాతాళగంగ, అది 46 మీటర్ల కింద ఉంటుంది. పదిహేను అంతస్తుల మేడంత లోతు. మీ వాళ్లతో నింపాదిగా చూస్తే గంటన్నర నుంచి రెండు గంటలు పెట్టుకోండి. కుర్రాళ్లు గంటలో చుట్టేస్తారు, వాళ్లతో పోటీ పడొద్దు.

అమ్మగారి మోకాళ్ల విషయంలో గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. గుహలో మొదట దిగుతాం, చివర ఎక్కుతాం. కొండ గుడికి ఇది పూర్తిగా తిరగేసిన వ్యవహారం. తిరుమల మెట్లయితే ఎక్కలేకపోతే అక్కడే ఆగిపోవచ్చు, ఇక్కడ అలసట మొదలయ్యేసరికి ఎక్కాల్సిన మెట్లన్నీ మిగిలే ఉంటాయి. అందుకని ఆవిడ ప్రవేశం మెట్లు దిగి, సమతలంగా ఉన్న మందిరాల వరకు, అంటే గుహలోని పెద్ద రాతి గదుల వరకు చూసి ఆగిపోవడం మేలు. పాతాళగంగ మెట్లు వదిలేయమనండి. దిగేటప్పుడు మోకాలి చిప్ప మీద ఎక్కువ భారం పడుతుంది కాబట్టి రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి దిగాలి. నాన్నగారు పాతాళగంగ చూడాలనుకుంటే మొదట్లోనే, ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే వెళ్లి రావాలి, తిరుగు దారిలో కాదు. ఆరోజు ఉదయం వేసుకోవాల్సిన బీపీ మాత్ర మానకూడదు. మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే బీపీ మాత్రలు వాడుతుంటే చెమటకు ఒంట్లో నీరు ఇంకా తగ్గుతుంది, ఆ విషయం ముందే డాక్టరుతో మాట్లాడండి. ఉబ్బసం ఉన్నవాళ్లెవరైనా ఉంటే ఇన్హేలర్ కారులో కాదు, జేబులో ఉండాలి. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండటం, మాట తడబడటం, వీటిలో ఏదొచ్చినా "ఇంకొంచెం చూసి పోదాం" అనకూడదు. బ్లోయర్ దగ్గర రెండు నిమిషాలు కూర్చోబెట్టి, వెంటనే పైకి తీసుకురండి.

పాప గురించి పెద్ద బెంగ అక్కర్లేదు. ఆ వయసు వాళ్లకు పైకప్పు తగలదు, పెద్దవాళ్లు వంగి నడిచే చోట వాళ్లు నిటారుగా వెళ్తారు. వీపున, భుజాల మీద మాత్రం ఎక్కించుకోకండి. మీరు తల వంచినా పాప తల రాతికి తగులుతుంది. ఇరుకు దారి చూసి భయపడే స్వభావమైతే బయట ఉన్నప్పుడే చెప్పి సిద్ధం చేయండి, మధ్యలో ఏడిస్తే వెనక వచ్చేవాళ్లను దాటుకుని తిరిగి రావడం కష్టం.

మనిషికి లీటరు నీళ్లు. దిగే పావుగంట ముందే అందులో పావు వంతు తాగించండి. పల్చటి మజ్జిగ అయితే ఇంకా మంచిది. పల్చటి నూలు బట్టలు, జీన్స్ వద్దు. తడిసిన జీన్స్ మోకాలి దగ్గర పట్టేసి మెట్లు ఎక్కనివ్వదు. అడుగున గాడులున్న రబ్బరు బూట్లు. అరిగిన హవాయి చెప్పులతో తడి మెట్ల మీద జారతారు. ఫోన్ టార్చ్ కాకుండా ఒక చిన్న చేతి టార్చ్ కావాలి, కరెంటు పోతే ఫోన్ బ్యాటరీ మీద ఆధారపడకూడదు. ఏసీ కారులోంచి కెమెరా తీసి నేరుగా లోపలికి తీసుకెళ్తే లెన్స్ మీద మంచు పట్టేస్తుంది. చల్లటి గాజు మీద తేమ గాలి నీరు కడుతుంది, తుడిచిన కొద్దీ మళ్లీ పడుతుంది. సంచీలోనే ఉంచి పావుగంట వెచ్చబడనిచ్చాక తీయండి.

ఇక బొర్రా చూసినవాళ్లకు ఇక్కడ ఏముంటుందన్న ప్రశ్న. నాకు బెలూం ఎక్కువ ఇష్టం, కారణం చెబుతాను. బొర్రాలో పెద్ద నోరు, ఎత్తైన మందిరాలు, పగటి వెలుగు లోపలి దాకా వస్తుంది, తల ఎత్తుకుని చూస్తాం. బెలూంలో అంత భారీ ఆకారాలు తక్కువ. కానీ గుహ ఎలా పుట్టిందో గోడల మీదే రాసి ఉంటుంది.

చేతికి అందే దూరంలో గోడను చూడండి. నల్లగా, పుస్తకంలో కాగితాల్లా అడ్డంగా పొరలు కనిపిస్తాయి. అది మీకు బాగా తెలిసిన రాయే. రాయలసీమ ఇళ్లలో నేలకు పరిచే నాపరాయి, తాడిపత్రి బండ, బేతంచెర్ల బండ అని కొనేది ఈ జాతిదే. భూగర్భ శాస్త్రంలో దీన్ని నార్జి సున్నపురాయి అంటారు. 50 కోట్ల ఏళ్లకు మించిన వయసు, లోతు లేని సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్నది. గనిలో పలకలు అంత తేలిగ్గా ఊడొచ్చేది ఆ పొరల వల్లే. ఈ పొరలకు అడ్డంగా నిలువు పగుళ్లుంటాయి. నీరు మొదట ఆ పగుళ్లలోకి దారి చేసుకుంది. అందుకే లోపలి దారులు ఏరులా వంకరలు తిరగకుండా చాలాచోట్ల తిన్నగా వెళ్లి, వీధి మలుపులా పక్కకు తిరుగుతాయి.

ఇప్పుడు పైకప్పు చూడండి. నున్నగా, బోర్లించిన కుండ లోపలి భాగంలా గుండ్రటి గుంతలు కనిపిస్తాయి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. పారే ఏరు నేలను కోస్తుంది, పైకప్పును కోయలేదు. పైకప్పును నీరు తినాలంటే సొరంగం నిండా, కప్పుకు తగిలేలా నీళ్లుండాలి. అంటే ఈ దారులన్నీ ఒకప్పుడు భూగర్భ జలమట్టానికి కింద, పూర్తిగా మునిగి ఉన్నాయి. వాన నీరు గాలిలోంచి, మట్టిలోని వేళ్ల దగ్గర నుంచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుని కొద్దిగా ఆమ్లంగా మారుతుంది. ఆ నీరు అన్ని వైపులా సమానంగా రాయిని కరిగించింది. తర్వాత నీటిమట్టం పడిపోయింది, గాలి చేరింది. వరదలు తెచ్చిన మట్టి దారులను చాలావరకు పూడ్చేసింది. మీరు నడిచే బాట ఆ మట్టిని తవ్వి తీసి వేసిందే.

కరిగించే పని అయిపోయాక మొదలైంది కట్టే పని. దీన్ని పాపకు చూపించడానికి మంచి ఉపాయం ఉంది. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర పడుతుంది కదా, అదే ఇది. నీళ్లు కాగితే అందులోని కార్బన్ డయాక్సైడ్ పోతుంది, కరిగి ఉన్న సున్నం గిన్నెకు పడుతుంది. గుహలో మంట అవసరం లేదు. పైన మట్టిలో కార్బన్ డయాక్సైడ్ నింపుకుని రాతి సందుల్లోంచి వచ్చిన బొట్టు, గుహ గాలిలోకి రాగానే దాన్ని వదిలేసి, ఆ మేరకు సున్నాన్ని ఇక మోయలేక వదిలేస్తుంది. నీరు ఆవిరై సున్నం మిగులుతుందని చాలామంది అనుకుంటారు, కానీ అంత తేమలో నీరు ఆవిరయ్యేది చాలా తక్కువ.

టార్చ్ పక్కనుంచి వేసి ఒక్క బొట్టును రెండు నిమిషాలు చూడండి. కొనకు వేలాడుతూ ఉబ్బుతుంది, అంచు చుట్టూ కంటికి కనిపించనంత సన్నని ఉంగరం వదిలి రాలుతుంది. మళ్లీ బొట్టు, మళ్లీ ఉంగరం. ఉంగరాల మీద ఉంగరాలు పేరుకుని లోపల బోలుగా, దాదాపు 5 మిల్లీమీటర్ల మందంతో కూల్‌డ్రింక్ స్ట్రాలా పెరుగుతుంది. ఏ స్టాలక్టైట్ అయినా మొదలు ఇలాగే. లోపలి రంధ్రం పూడిపోయాక నీరు బయటి వైపు జారి లావెక్కుతుంది. రాలిన బొట్టు నేల మీద పడి మిగిలిన సున్నాన్ని అక్కడ వదిలితే స్టాలగ్మైట్. రెండూ కలిస్తే స్తంభం. ఏడాదికి మామూలుగా మిల్లీమీటరులో పదో వంతు అటూ ఇటూ పెరుగుతాయి. మీ అరచేయంత ముక్క వెనక వెయ్యేళ్లకు పైగా ఉన్నాయి.

ఈ లెక్క తెలిశాక అక్కడి పేర్లు వేరేలా కనిపిస్తాయి. కోటిలింగాల దగ్గర శివలింగాల్లా గుంపులు గుంపులుగా ఉన్నవి, పైనా కిందా కలిసిన పెద్ద స్తంభం. వేయిపడగల దగ్గర కప్పు నిండా పాము పడగల్లా విచ్చుకున్న ఆకారాలు. ఊడలమర్రి దగ్గర కింద నిలబడి చూస్తే నిజంగానే మర్రిచెట్టు ఊడలు దిగినట్టుంటుంది. సింహద్వారం, మండపం, ధ్యానమందిరం కూడా దారిలోనే. ధ్యానమందిరంలో తలగడ పెట్టిన పడకలా రాయి ఉంటుంది, బౌద్ధ భిక్షువులు ఇక్కడ ఉండేవారని చెబుతారు. సప్తస్వరాల గుహలో రాళ్లను తడితే స్వరాలు పలుకుతాయి. దయచేసి తట్టకండి, తట్టి చూపిస్తామన్నా వద్దనండి. బొట్లు వదిలిన సున్నం గట్టిపడి ఏర్పడే ఈ రాయిని కాల్సైట్ అంటారు, అది చాలా మెత్తటిది. మన గోరుకంటే కాస్త గట్టిది, రాగి నాణెంతో గీస్తే గీత పడుతుంది. రోజుకు వందమంది తట్టితే విరుగుతుంది, విరిగితే మన కాలంలో మళ్లీ రాదు. వేలితో తాకినా నష్టమే. చర్మం మీది జిడ్డు రాతికి అంటి, నీరు ఆ చోట పరుచుకోకుండా జారిపోతుంది, కొత్త సున్నం పట్టదు, క్రమంగా నల్లబడుతుంది. చాలా గుహల్లో తెల్లగా ఉండాల్సిన స్తంభాలు సరిగ్గా చెయ్యి ఎత్తు దాకా నల్లగా ఉండటానికి కారణం ఇదే. కోటిలింగాల దగ్గర కర్పూరం, అగరొత్తులు వెలిగించాలన్న భక్తి అర్థం చేసుకోదగ్గదే, కానీ ఆ పొగకు పోయే దారి లేదు, మసి రాతి మీదే కూర్చుంటుంది, పక్కన ఆయాసపడే మనిషి ఊపిరిలోకి వెళ్తుంది. నమస్కారం పెట్టుకుని రండి.

పాతాళగంగ మాత్రం చూడగలిగినవాళ్లు చూడాల్సిందే. చిన్న నీటి ధార, ఏడాది పొడుగునా ఉంటుంది, కనిపించి లోతుల్లోకి మాయమవుతుంది. అది రెండు కిలోమీటర్ల దూరంలోని బెలూం ఊరి బావికి చేరుతుందని ఊరివాళ్ల నమ్మకం. పైన మునిగిన సొరంగాల గురించి చెప్పానే, ఆ పని కింద ఇంకా జరుగుతూనే ఉందనడానికి ఈ ధారే సాక్ష్యం.

గైడ్లు, వీడియోల్లో తరచూ వినే ఒక తప్పు కూడా సరిచేసుకోండి. బెలూం దేశంలోనే రెండో పొడవైన గుహ అంటారు. మేఘాలయ గుహల కొలతలు వచ్చాక ఆ మాట చెల్లదు. అక్కడి క్రెమ్ లియాట్ ప్రా వ్యవస్థ ఒక్కటే 30 కిలోమీటర్లు దాటింది. మైదాన ప్రాంతంలో దేశంలోకెల్లా పొడవైన గుహ బెలూం అంటే సరైన మాట, అదేమీ తక్కువ గొప్ప కాదు. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ దీన్ని నమోదు చేశారు. 1982, 83లో హెర్బర్ట్ డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం వివరంగా సర్వే చేసింది. 1988 దాకా ఈ గుంతల్లో చెత్త పోసేవారు. 1999లో పర్యాటక శాఖ పనులు మొదలుపెట్టి 2002 ఫిబ్రవరిలో జనానికి తెరిచింది.

దారి గురించి క్లుప్తంగా. గుహలు నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో ఉన్నాయి. దగ్గర్లో పెద్ద రైల్వే స్టేషన్ తాడిపత్రి, 30 కిలోమీటర్లు. గుహల దగ్గరే పర్యాటక శాఖ వారి హరిత హోటల్ ఉంది. గండికోట కూడా అదే రోజు చూద్దామని చాలామంది అనుకుంటారు. మీ వాళ్లతో ఆ పని వద్దు, ఒకరోజు గుహ, మరుసటి రోజు గండికోట పెట్టుకోండి. గుహలంటే పాపకు ఆసక్తి కలిగితే బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలున్నాయి, ఫూట్ అదే 1884లో అక్కడ తవ్వి పాతకాలపు జంతువుల ఎముకలు బయటికి తీశారు. అక్కడ బెలూంలో ఉన్నట్టు దీపాలు, మెట్లు ఉండవు, పెద్దవాళ్లను తీసుకెళ్లే చోటు కాదు.

పైకి వచ్చాక వెంటనే ఏసీ కారు ఎక్కించకండి. తడి బట్టలతో చల్లగాలిలో కూర్చుంటే కండరాలు పట్టేస్తాయి, మెట్లు ఎక్కిన మోకాళ్లకు అది ఇంకా చెడ్డది. పది నిమిషాలు నీడలో కూర్చోబెట్టి, చొక్కా మార్పించి, మిగిలిన మజ్జిగ తాగించండి. నాన్నగారి నాడి మామూలు స్థితికి వచ్చాకే బయల్దేరండి.